లాన్ బౌల్స్ నేర్చుకుందాం – 3: జాక్‌ని కాదు, పక్కని చూసి వేయాలి

లాన్ బౌల్స్ అంటే పచ్చిక మీద బౌల్ అనే పెద్ద బంతిని దొర్లించి, జాక్ అనే చిన్న బంతికి వీలైనంత దగ్గరగా ఆపే ఆట. కిందటి పాఠంలో బౌల్‌ని చేతిలో ఎలా పట్టుకోవాలో చూశాం. ఈసారి బౌల్ వంగే తీరు. కొత్తవాళ్ళని బాగా తికమక పెట్టేది ఇదే కాబట్టి ఇక్కడ తొందరపడొద్దు.

బెంగళూరులో మన తెలుగువాళ్ళలో పిల్లల దగ్గరికని మెల్‌బోర్న్‌కో ఆక్లండ్‌కో వెళ్ళొచ్చే అమ్మానాన్నలు చాలామందే ఉన్నారు. ఈ పాఠాలు ముఖ్యంగా వాళ్ళకోసం. అక్కడ పొద్దున్నే అందరూ ఆఫీసులకి వెళ్ళిపోయాక ఇంట్లో ఏం తోచదు. దగ్గర్లో బౌల్స్ క్లబ్బు ఉందేమో కనుక్కోండి. మెల్‌బోర్న్ విండ్సర్‌లోని క్లబ్బు 1864లో పుట్టింది. ఇలాంటి పాత క్లబ్బులు చాలావరకు కొత్తవాళ్ళకి బౌల్స్ తామే ఇచ్చి, పక్కన నిలబడి నేర్పిస్తాయి. ఇంగ్లీషు అంతంతమాత్రమేనని మొహమాటపడి గేటు దగ్గరే ఆగిపోకండి. ఈ ఆటలో మాటల కంటే సైగలే ఎక్కువ.

ఇక అసలు విషయం. బౌల్ బరువు దాదాపు కిలోన్నర, అంటే క్రికెట్ బంతికి తొమ్మిది పది రెట్లు. అది రెండు పక్కలా ఒకేలా గుండ్రంగా ఉండదు. ఆ తేడా వల్లే దొర్లుతూ దొర్లుతూ ఒక పక్కకి వంగుతుంది. ఇది ఇంట్లోనే తెలుసుకోవచ్చు. పదిరూపాయల బిళ్ళని హాల్లో టైల్స్ మీద నిలబెట్టి దొర్లించండి. వేగం ఉన్నంతసేపూ తిన్నగా పోతుంది. నెమ్మదించేకొద్దీ ఒక పక్కకి ఒరిగి, ఒరిగిన వైపుకే తిరుగుతుంది. బౌల్ కూడా అంతే. మొదటి సగంలో వంగినట్టే అనిపించదు, చివరి మూడోవంతులోనే బాగా తిరుగుతుంది.

అందుకే తెల్లగానో పసుప్పచ్చగానో కనిపించే ఆ చిన్న బంతిని, అంటే జాక్‌ని, సూటిగా చూసి వేస్తే బౌల్ దాన్ని తప్పించుకుని పక్కకి పోతుంది. కుడిచేతివాళ్ళు ఫోర్‌హ్యాండ్ వేసేటప్పుడు బౌల్ మీద చిన్న గుర్తున్న వైపు మీ ఒంటివైపు, అంటే ఎడమకి, ఉండాలి. జాక్‌కి కుడిపక్కగా వదిలితే బౌల్ ఎడమకి తిరిగి వస్తుంది. బ్యాక్‌హ్యాండ్‌కి అంతా తారుమారు: చిన్న గుర్తు కుడికి, వదలడం ఎడమకి. గుర్తు చూసుకోకుండా వేస్తే బౌల్ పక్కవాళ్ళ రింకులోకి (పచ్చిక మీద ఒక్కో ఆటకి కేటాయించిన పట్టీలోకి) పోతుంది. వంగేటప్పుడు రింకు గీత దాటినా కంగారు పడక్కర్లేదు, ఆగేటప్పటికి లోపలికి వస్తే చాలు.

ఎంత పక్కకి వేయాలి? అది పచ్చికని బట్టి ఉంటుంది. గ్రీన్ (అంటే ఆడే పచ్చిక) వేగాన్ని సెకన్లలో చెబుతారు: మనం నిలబడి వేసే చిన్న చాప దగ్గర వదిలిన బౌల్ 27 మీటర్లు వెళ్ళి ఆగడానికి పట్టే సమయం. ఇంగ్లండ్‌లో సాధారణంగా 10–12 సెకన్లు, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో 14, 15, ఇంకా ఎక్కువ కూడా. సెకన్లు ఎక్కువైతే గ్రీన్ నెమ్మది అనుకునేరు, కాదు. జారుడు పచ్చిక మీద మెల్లగా వదిలినా బౌల్ అంతదూరం పోతుంది కాబట్టే ఎక్కువసేపు పడుతుంది. ఎక్కువసేపు దొర్లితే ఎక్కువ వంగుతుంది. అందుకని అక్కడ ఇంకాస్త వెడల్పుగా వేయాలి.

ఈ వారం సాధన. మీ అపార్ట్‌మెంట్ లాన్ మీద గుమ్మం ముందు వేసే పట్టా ఒకటి పరవండి. అసలు చాప 60 సెంటీమీటర్ల పొడవు, 36 వెడల్పు. జాక్ కనీసం 23 మీటర్ల దూరంలో ఉండాలి, అంటే క్రికెట్ పిచ్ కంటే మూడు మీటర్లు ఎక్కువ. అంత చోటు లేకపోతే ఉన్నంతలోనే చేయండి. ఎదురుగా ఒక చెప్పు జాక్ అనుకోండి, దానికి కుడిపక్కన రెండు మీటర్ల దూరంలో ఇంకో చెప్పు పెట్టండి. రెండో చెప్పు వైపే పాదాలు తిప్పి నిలబడి, ఎడమకాలు అటే ముందుకి వేసి, టెన్నిస్ బంతిని ఎగరకుండా గడ్డి మీద ఆనించి వదలండి. చేయి కూడా అటే సాగాలి. టెన్నిస్ బంతి వంగదు, ఫరవాలేదు. కళ్ళు మొదటి చెప్పు మీదికి పోకుండా ఉండటమే ఈ సాధన. బంతి వదిలేటప్పుడు ఒక పాదమైనా కొంతవరకు పట్టా మీదో, దాని పైన గాల్లోనో ఉందో లేదో ఎవరినైనా చూడమనండి.

క్లబ్బులో మిమ్మల్ని మొదట ‘లీడ్’గా వేస్తారు. చాప పరిచి, జాక్ దొర్లించి, తొలి బౌల్ వేసేది లీడే. చిన్నచూపు అనుకోకండి. 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో మన మహిళల జట్టు ఫైనల్లో దక్షిణాఫ్రికాని 17–10తో ఓడించి స్వర్ణం గెలిచినప్పుడు లీడ్ ఆడింది జార్ఖండ్ పోలీసుశాఖలో పనిచేసే లవ్లీ చౌబే. ముందు వేసిన బౌల్ జాక్ పక్కన కూర్చుంటే అవతలివాళ్ళకి టెన్షన్ అక్కడే మొదలవుతుంది.

వచ్చే పాఠంలో దూరానికి తగ్గ బలం ఎంత పెట్టాలో చూద్దాం. ఈలోగా రోజూ పది నిమిషాలైనా ఆ రెండో చెప్పుకే గురిపెట్టండి.