బిడ్డను పోగొట్టుకున్న ఉద్యోగికి సెలవు: విశాఖ ఆఫీసుల్లో హెచ్‌ఆర్ చేయాల్సిన పనులు

ప్రైవేటు ఉద్యోగి బిడ్డ చనిపోతే ఇన్ని రోజులు సెలవివ్వాలని చెప్పే ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. తల్లికి ప్రసూతి చట్టం కొంత అండగా ఉంటుంది, తండ్రికి అదీ లేదు. కాబట్టి ఎంత చిన్న కంపెనీ అయినా ఈ సెలవును ముందే రాసి పెట్టుకోవాలి. రాసి లేకపోతే మేనేజర్ మనసును బట్టి ఒకరికి పదిహేను రోజులు, ఇంకొకరికి మూడు రోజులు దక్కుతాయి.

ముందు తల్లి సంగతి. 1961 ప్రసూతి ప్రయోజన చట్టం, దాన్ని తనలో కలుపుకున్న 2020 సామాజిక భద్రతా కోడ్ ఒకటే చెబుతాయి. గర్భం 26 వారాల్లోపు పోతే గర్భస్రావం కింద లెక్క, మర్నాటి నుంచి 6 వారాలు జీతంతో సెలవు. ఆ తర్వాత బిడ్డ చనిపోయి పుట్టినా చట్టం దృష్టిలో కాన్పే. బతికున్న పిల్లలు ఇద్దరికన్నా తక్కువైతే 26 వారాలు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే 12 వారాలు. కాన్పు ముందు పన్నెండు నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఎక్కువ మంది తప్పు చేసేది ఇక్కడే. ‘బిడ్డ లేదు కదా, ఆరు వారాలు చాలు’ అని సెలవు కోసేస్తారు. అలా కోసే హక్కు కంపెనీకి లేదు. పుట్టిన రెండు నెలలకు బిడ్డ పోయినా సెలవు మధ్యలో ఆగదు.

కాన్పు అయినా, గర్భస్రావం అయినా తొలి 6 వారాలు ఆమె తానే వస్తానన్నా పని చేయించకూడదు. ల్యాప్‌టాప్ ఇంటికి పంపి చేయించినా పని పనే. ఒళ్లో బిడ్డ లేకపోయినా కాన్పయిన రెండు మూడు రోజులకు పాలు పడతాయి. రొమ్ములు బరువెక్కి సలుపుతాయి, జ్వరం కూడా రావచ్చు. ఆ స్థితిలో ఉన్న మనిషిని ఫైలు ఎక్కడుందని అడగకండి.

నెల జీతం 21,000 రూపాయల లోపుండి ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) పథకంలో ఉంటే డబ్బు ఈఎస్‌ఐ నుంచే వస్తుంది. మల్కాపురం ఈఎస్‌ఐ ఆసుపత్రికి ఆమెను తిప్పకుండా, కాగితాల పని మీ మనిషే దగ్గరుండి చూడాలి. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగినులకు 2022 సెప్టెంబరు 2 నాటి ఉత్తర్వు ఉంది: బిడ్డ చనిపోయి పుట్టినా, పుట్టిన 28 రోజుల్లోపు పోయినా 60 రోజుల ప్రత్యేక ప్రసూతి సెలవు.

ఇక కంపెనీ పాలసీ. మా సలహా: తల్లికీ తండ్రికీ చెరి 20 పనిదినాలు జీతంతో ఇవ్వండి. తల్లికి ఇవి చట్టం ఇచ్చే సెలవుకు అదనం. సీఎల్ (క్యాజువల్ లీవ్), ఈఎల్ (ఆర్జిత సెలవు) ఖాతా ముట్టుకోకండి. బిడ్డ వయసుకు పరిమితి వద్దు. పెళ్లయిన కొడుకు పోయినా, పెంచుకున్న కూతురు పోయినా కడుపుకోత ఒకటే. సగం రోజులు వెంటనే, మిగతావి ఏడాది పైచిలుకు గడువులో ఎప్పుడైనా వాడుకోనివ్వండి. బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న చట్టం రెండు వారాల సెలవును 56 వారాల్లో తీసుకోనిస్తుంది. అలా అయితే సంవత్సరీకం కూడా గడువులోనే పడుతుంది.

సెలవును కర్మకాండలతో ముడిపెట్టడం పెద్ద పొరపాటు. పెద్దవాళ్లు పోతే పదకొండో రోజు, పన్నెండో రోజు అంటూ లెక్క ఉంటుంది. పసిబిడ్డ అయితే చాలా ఇళ్లలో ఖననంతోనే ముగిస్తారు. దాంతో ‘అన్నీ అయిపోయాయిగా, ఎప్పుడొస్తారు?’ అని నాలుగో రోజే ఫోన్ వెళ్తుంది. అసలు ఇంట్లో ఫోన్ తీసే బంధువు ఎవరో కనుక్కుని, ఆఫీసు తరఫున ఒక్కరే ఆయనతో మాట్లాడాలి. సెలవు చీటీ అడగకుండా అటెండెన్స్‌లో మీరే వేసేయండి. ఆసుపత్రి బిల్లుకు అడ్వాన్స్ కావాలా అని మీరే అడగండి, ఆ పరిస్థితిలో వాళ్లు నోరు తెరిచి అడగలేరు.

సర్టిఫికెట్‌కు రెండు నెలలు గడువివ్వండి. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) దగ్గర మరణం 21 రోజుల్లో నమోదు కావాలి. ఆసుపత్రిలో జరిగితే సమాచారం ఆసుపత్రే పంపుతుంది, ఇంట్లో జరిగితే కుటుంబమే చెప్పాలి. కాసేపైనా ఊపిరి తీసిన బిడ్డకు జననం, మరణం రెండూ రాయించాలి. చనిపోయి పుడితే వేరే ఫారం ఉంటుంది. గర్భస్రావమైతే డిశ్చార్జ్ సమ్మరీ చాలు, అది హెచ్‌ఆర్‌లో ఒక్కరే చూడాలి.

కంప్యూటర్ సంగతి మరవకండి. గ్రూప్ ఇన్సూరెన్స్ జాబితాలో, శుభాకాంక్షల మెయిల్ పంపే సాఫ్ట్‌వేర్‌లో బిడ్డ పేరు, పుట్టినరోజు ఉంటాయి. ఆ వారమే తీయించండి, లేకపోతే ‘మీ చిన్నారికి తొలి పుట్టినరోజు శుభాకాంక్షలు’ అని మెయిల్ వెళ్తుంది. పీఎఫ్ నామినీగా బిడ్డ పేరుంటే మార్చుకోమని చెప్పడానికి నెలా రెండు నెలలు ఆగండి.

తిరిగొచ్చే ముందు రోజు ‘టీమ్‌కు ఏం చెప్పమంటారు?’ అని అడిగి, చెప్పమన్నంతే చెప్పండి. ‘దేవుడు మళ్లీ ఇస్తాడు’ అనొద్దని సహోద్యోగులకు ముందే చెప్పాలి. తొలి రెండు వారాలు సగం పూట, నైట్ షిఫ్ట్ లేకుండా రోస్టర్ వేయండి. ఆ త్రైమాసికాన్ని అప్రైజల్ లెక్కలోంచి తీసేయండి. నిద్ర పట్టక, మాట రాక ఇబ్బంది పడుతుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఇవ్వండి, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.