రెండు కార్బ్యురేటర్లని చెవితో కలపడం

ఎంజీబీ లాంటి పాత బ్రిటిష్ కార్లలో రెండు ఎస్‌యూ కంపెనీ కార్బ్‌లుంటాయి (పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బ్యురేటర్లు), రెండూ సమానంగా గాలి పీల్చకపోతే ఐడ్లింగ్‌లో ఇంజిన్ ఊగిపోద్ది. ముందు ప్లగ్గులు, టైమింగ్, వాల్వ్ గ్యాప్ చూసుకోండి, అవి తేడాగా ఉంటే కార్బ్ ఎంత తిప్పినా దండగే.

షెడ్డు తలుపులు తీసిపెట్టి ఇంజిన్ బాగా వేడెక్కనిచ్చి, ఎయిర్ ఫిల్టర్లు తీసేసి, రెండు థ్రాటిల్స్‌ని (గాలిని అదుపుచేసే మూతల్ని) కలిపే క్లాంపు వదులు చేసి, సన్న రబ్బరు ట్యూబు ఒక చివర చెవి దగ్గర, రెండోది కార్బ్ నోట్లో పెట్టి వినండి, రెండిట్లోనూ ఒకే లోతు ఉండాలి సుమా. ఉస్స్‌మనే శబ్దం ఎక్కువున్న వైపు ఐడిల్ స్క్రూ కాస్త వదలండి, తక్కువున్న వైపు బిగించండి. రెండూ కలిసిన క్షణం ఇంజిన్ ఒక్కసారిగా సర్దుకుంటది, అది వినడం నాకు భలే ఇష్టం.

తర్వాత మిక్స్చర్, అంటే గాలి-పెట్రోల్ పాళ్లు. కార్బ్ లోపలుండే పిస్టన్‌ని మిల్లీమీటర్ లోపే లేపండి, స్పీడు పెరిగి అలాగే ఉంటే పెట్రోల్ ఎక్కువ, ఆగిపోబోతే తక్కువ, కొంచెం పెరిగి మామూలైతే కరెక్ట్. క్లాంపు మళ్లీ బిగించడం మర్చిపోకండి.