కొత్త గేమింగ్ పీసీ సరిగ్గా ఆడట్లేదా? ప్రాసెసర్ మార్చే ముందు ఇవి చూడండి

కొత్తగా కట్టించిన పీసీలో గేమ్ తడబడితే మనవాళ్ళు మొదట అనుమానించేది ప్రాసెసర్‌నే. ఐ5 కాకుండా ఐ7 తీసుకోవాల్సింది అని బాధపడటం, నెల తిరక్కుండానే ఇంకో ఇరవై వేలు సర్దుకుని బెంగళూరులో కంప్యూటర్ భాగాలు అమ్మే ఎస్పీ రోడ్‌కి మళ్ళీ పరిగెత్తడం, అది తెచ్చి పెట్టాక కూడా అదే తడబాటు. పీజీలో ఉంటూ జీతంలోంచి నెలనెలా పక్కన పెట్టిన డబ్బు ఇలా పోతుంటే చూడలేం. అందుకే నేను చెప్పేది ఒకటే, పని ఏ భాగం దగ్గర ఆగిపోతోందో కళ్ళతో చూశాకే డబ్బు బయటికి తీయండి. ఇంకా కొననివాళ్ళు కూడా చదవండి, ఇక్కడ ఉన్న సమస్యల్లో చాలావాటికి మూలం కొనే రోజునే ఉంటుంది.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది

ముందు కేబుల్ చూడండి. పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్లలో, అంటే ఐ5-12400ఎఫ్, రైజెన్ 5 7500ఎఫ్ లాంటివాటిలో, సొంత గ్రాఫిక్స్ ఉండవు. ఎఫ్ లేకపోయినా రైజెన్ 5 5600లో కూడా ఉండవు. వీటితో హెచ్‌డీఎంఐ కేబుల్‌ని మదర్‌బోర్డు పోర్టులో పెడితే ఎంతసేపు చూసినా ఏమీ రాదు. దాన్ని తీసి కింద అడ్డంగా ఉండే గ్రాఫిక్స్ కార్డు పోర్టులో పెట్టండి.

కేబుల్ సరిగ్గానే ఉంటే కాస్త ఓపిక పట్టండి. ఏఎం5 బోర్డుల్లో, అంటే రైజెన్ 7000, 9000 ప్రాసెసర్లు పట్టే బోర్డుల్లో, డీడీఆర్5 ర్యామ్‌ని మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు ఆ ర్యామ్‌కి తగ్గ సెట్టింగ్స్ తనంతట తానే వెతుక్కుంటుంది, దాన్నే మెమరీ ట్రైనింగ్ అంటారు. అంతసేపూ బోర్డు మీద డీర్యామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతూ ఉంటుంది, స్క్రీన్ మీద ఏమీ కనిపించదు, ఒక్కోసారి ఐదు పది నిమిషాలు కూడా పడుతుంది. టెన్షన్ పడి మధ్యలో పవర్ తీసేస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలు. పావుగంట దాటినా రాకపోతే ఒక్క స్టిక్ మాత్రం ఉంచండి, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండో స్లాట్‌లో. రెండు స్టిక్‌లైతే రెండు, నాలుగు స్లాట్లలో పెట్టాలి, పక్కపక్కన కాదు. బోర్డు పైన ఎడమ మూలలో ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్నుల పవర్ కేబుల్ మర్చిపోయినవాళ్ళు కూడా ఉంటారు, అదీ చూడండి.

ఇవన్నీ అయ్యాక మిగిలేది బయోస్, అంటే పీసీ ఆన్ కాగానే బోర్డు మొదట నడిపే ప్రోగ్రాం. బోర్డు కంటే ప్రాసెసర్ కొత్తదైతే బోర్డు దాన్ని గుర్తుపట్టదు. 2022, 2023లలో తయారైన బి650 (ఏఎం5) బోర్డుల్లో అప్పటి బయోసే ఉంటుంది, రైజెన్ 9000 వచ్చిందేమో 2024 ఆగస్టులో. ఇంటెల్ 600 సిరీస్ బోర్డుల్లో 13, 14 జనరేషన్ ప్రాసెసర్లు పెట్టినా ఇదే కథ. వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డైతే, కంపెనీ సైట్ నుంచి ఫైల్ దించి, మాన్యువల్‌లో చెప్పిన పేరు పెట్టి, ఎఫ్ఏటీ32 ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌తో ప్రాసెసర్ లేకుండానే అప్‌డేట్ చేసేయొచ్చు. ఆ బటన్ లేకపోతే షాపుకే తీసుకెళ్ళాలి. అందుకే కొనేటప్పుడే అడగండి, "అన్నా, ఈ బోర్డులో బయోస్ ఏ వెర్షన్ ఉంది? 9600ఎక్స్ పెడితే డిస్‌ప్లే వస్తుందా?" అని. తెలీదంటే అక్కడే పెట్టి చూపించమనండి, డబ్బిచ్చేది మనం.

గేమ్ ఆడుతోంది కానీ అనుకున్నన్ని ఎఫ్‌పీఎస్ రావట్లేదు

అసలు సంగతంతా ఇక్కడే ఉంది, కాస్త నిదానంగా చదవండి. ఎఫ్‌పీఎస్ అంటే సెకనుకి స్క్రీన్ మీదకి వచ్చే ఫ్రేముల లెక్క.

ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ప్రోగ్రాం పెట్టుకుని గేమ్ ఆడుతున్నప్పుడు జీపీయూ, అంటే గ్రాఫిక్స్ కార్డు, వాడకం ఎంత శాతం ఉందో స్క్రీన్ మూలన కనిపించేలా చేసుకోండి. అది 95 దాటి ఉంటే కార్డు తన శక్తికొద్దీ పని చేస్తున్నట్టే, ఇంకా ఫ్రేమ్స్ కావాలంటే సెట్టింగ్స్ తగ్గించాలి, లేదా పెద్ద కార్డు కొనాలి, కొత్త ప్రాసెసర్ తెచ్చినా ఏమీ మారదు. అదే 60, 70 దగ్గర తిరుగుతుంటే, ఫ్రేమ్ లిమిట్, వీ-సింక్ లాంటి ఎఫ్‌పీఎస్‌ని కట్టేసే సెట్టింగ్స్ ఏవీ ఆన్‌లో లేవని చూసుకున్నాక, కార్డు ఖాళీగా ఎదురుచూస్తోంది, ప్రాసెసరో ర్యామో దానికి పని అందించలేకపోతోంది అని అర్థం.

ఇక్కడే చాలామంది టాస్క్ మేనేజర్ తెరిచి, సీపీయూ 35 శాతమే వాడుతోంది కదా, దానికేం తక్కువ అంటారు. ఆ అంకె అన్ని కోర్ల సగటు. గేముల్లో ముఖ్యమైన పనిలో చాలా భాగం ఒకటి రెండు థ్రెడ్ల మీదే, అంటే ఒకటి రెండు కోర్ల మీదే పడుతుంది. పెళ్ళి పంక్తిలో వడ్డించేవాళ్ళు పదిమంది ఉన్నా అన్నం గిన్నె ఒక్కడి చేతిలోనే ఉంటే విస్తళ్ళన్నీ ఎదురుచూసినట్టు, మిగతా కోర్లు ఎన్ని ఉన్నా ఫ్రేమ్ కదలదు. 12 కోర్ల ప్రాసెసర్ కొన్నా గేముల్లో 6 కోర్లదాని కంటే పెద్ద తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే. వీడియో ఎడిటింగ్ చేసేవాళ్ళకి ఎక్కువ కోర్లు కావాలి, గేమ్ కోసమే అయితే వేగమైన 6 లేదా 8 కోర్లు చాలు.

అనుమానం తీరాలంటే చిన్న పరీక్ష ఉంది. రిజల్యూషన్ తగ్గించి చూడండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అడ్డం కార్డు. అస్సలు కదలకపోతే అడ్డం ప్రాసెసర్.

అడ్డం ప్రాసెసరే అని తేలినా వెంటనే కొత్తది కొనొద్దు. బయోస్‌లోకి వెళ్ళి ఇంటెల్ అయితే ఎక్స్‌ఎంపీ, ఏఎండీ అయితే ఎక్స్‌పో ఆన్ చేశారో లేదో చూడండి. డబ్బా మీద 6000 అని రాసి ఉన్న డీడీఆర్5 ర్యామ్ అది ఆన్ చేసేదాకా సాధారణంగా 4800 దగ్గరే నడుస్తుంది, డీడీఆర్4 3200 అయితే 2133 దగ్గరో 2666 దగ్గరో. డబ్బు కట్టి తెచ్చుకున్న వేగాన్ని వాడకుండా వదిలేసినట్టే. ఏఎం5కి 6000 సీఎల్30 కిట్ (సీఎల్ ర్యామ్ జాప్యాన్ని చెప్పే అంకె) బాగా కుదురుతుంది, అంతకంటే పైకి వెళ్ళినా ఆ డబ్బుకి తగ్గ లాభం రాదు. నాలుగు స్టిక్‌లు మాత్రం పెట్టొద్దు, నాలుగూ నింపితే ఏఎం5లో వేగం బాగా పడిపోతుంది. 2025 చివర్లో ర్యామ్ ధరలు ఎలా పైకి లేచాయో చూశాం, ఈ ధరల్లో వేగం వృథా చేసుకోవడం అన్యాయం.

ఇంకా కొననివాళ్ళు మానిటర్ దగ్గర మొదలుపెట్టండి, ప్రాసెసర్ దగ్గర కాదు. 1440పి రిజల్యూషన్‌లో కథ ఉన్న పెద్ద గేములు 60 నుంచి 90 ఎఫ్‌పీఎస్‌లో చాలనుకుంటే భారమంతా కార్డు మీదే ఉంటుంది, రైజెన్ 5 7600 లేదా ఐ5-12400ఎఫ్ సరిపోతుంది, మిగిలింది కార్డు మీద పెట్టండి. వాలరెంట్, సీఎస్2 లాంటి షూటింగ్ గేములు 1080పిలో 240 హెర్ట్జ్ మానిటర్ మీద ఆడేవాళ్ళకి లెక్క తిరగబడుతుంది, అక్కడ ప్రాసెసర్ మీద పెట్టిన ప్రతి రూపాయీ కనిపిస్తుంది. రైజెన్ 7 7800ఎక్స్3డి, 9800ఎక్స్3డి అంత పేరు తెచ్చుకుంది వాటిలోని 96 ఎంబీ ఎల్3 క్యాష్ వల్ల, గేమ్‌కి మాటిమాటికీ కావాల్సిన సమాచారం ర్యామ్ దాకా వెళ్ళకుండా చిప్‌లోనే దొరుకుతుంది.

సగటు ఎఫ్‌పీఎస్ బాగానే ఉంది, మధ్యమధ్యలో ఆగి ఆగి నడుస్తోంది

కొత్త చోటికి వెళ్ళినప్పుడే ఆగుతూ, టెక్స్చర్లు (గోడలు, నేల లాంటివాటి మీద కనిపించే బొమ్మలు) మసకగా వస్తుంటే కార్డు మెమరీ నిండిపోయింది. 8 జీబీ కార్డుల్లో కొత్త గేములు టెక్స్చర్లని అల్ట్రాలో పెడితే ఇది మామూలే, ఒక్క మెట్టు తగ్గించండి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8, 16 జీబీలలో ఒకే పేరుతో దొరుకుతాయి. కొటేషన్‌లో జీబీ రాయకుండా పేరొక్కటే రాస్తే ఊరుకోకండి. పాత పీసీఐఈ 3.0 బోర్డులో (పీసీఐఈ అంటే కార్డుకీ బోర్డుకీ మధ్య డేటా దారి) 5060 టీఐ పెట్టాలనుకుంటే 8 జీబీది అసలే వద్దు, ఆ కార్డు వాడుకునేది ఆ దారిలో 8 లేన్లే, అంటే 8 వరసలే, మెమరీ నిండినప్పుడు దెబ్బ రెట్టింపు.

ర్యామ్ ఒక్క స్టిక్కే ఉన్నా ఇలాగే ఆగుతుంది. 16 జీబీ ఒక్కటి కంటే 8 జీబీవి రెండు మేలు.

144 హెర్ట్జ్ మానిటర్ కొన్నా తేడా తెలియట్లేదు

విండోస్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్ళండి, రిఫ్రెష్ రేట్ 60 మీదే ఉండి ఉంటుంది. మార్చండి.

గేమ్ మధ్యలో పీసీ ఠపీమని ఆఫ్ అయిపోతోంది

విండోస్ లాగ్ చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని కనిపిస్తుంది. అది కారణం కాదు, పీసీ సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దానర్థం. మెనూల్లో బాగుండి భారం పడగానే ఆఫ్ అవుతుంటే మొదటి అనుమానం పవర్ సప్లై మీదే. ఆర్‌టీఎక్స్ 5070 ఒక్కటే 250 వాట్లు, దానికి ఎన్విడియా చెప్పే పవర్ సప్లై 650 వాట్లు. క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన పవర్ సప్లై మీద 500 వాట్లని రాసి ఉన్నా నమ్మకండి. ఈ ఒక్కదాని దగ్గర మాత్రం పిసినారితనం వద్దని చేతులెత్తి మొక్కుతున్నాను, ఇది పోతే పక్కవాటిని కూడా తీసుకుపోయే అవకాశం ఉంది. కొత్త ఎన్విడియా కార్డుల 16 పిన్నుల కనెక్టర్ ఏమాత్రం సందు లేకుండా పూర్తిగా లోపలికి దిగాలి, సగం దిగితే వేడెక్కి కరిగిపోవచ్చు.

కరెంటు పోయినప్పుడే ఆఫ్ అవుతుంటే మాత్రం కథ వేరు. 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది దాదాపు 360 వాట్లే, గేమింగ్ పీసీకి మానిటర్‌కి కలిపి చాలదు. ఇంటి ఇన్వర్టర్ మీద ఉంటే దాని వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి, మామూలు మోడ్‌లో అది కరెంటు మార్చుకునే లోపే పీసీ పడిపోతుంది.

క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోంది

పాత ఇళ్ళల్లో, కొన్ని పీజీల్లో మూడు పిన్నుల ప్లగ్ ఉంటుంది కానీ దాని వెనక ఎర్త్ వైరు ఉండదు. పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లు ఆ కాస్త లీకేజీని ఎర్త్‌లోకి పంపాలి, దారి లేక అది క్యాబినెట్ మీదే ఉండిపోతుంది. పీసీ మార్చినా పోదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్ పెట్టించండి. ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర చూపించాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకి మించకూడదు. ఓనర్ ఆంటీ ఒప్పుకోకపోతే, "ఆంటీ, గీజర్‌కి కూడా ఇదే ఎర్త్ అండి, ప్రాణం మీదకి వస్తుంది" అని చెప్పండి. అది భయపెట్టడానికి చెప్పే మాట కాదు, నిజం.

గేమ్ "అవుట్ ఆఫ్ వీడియో మెమరీ" అని ఆగిపోతోంది, కార్డులో మెమరీ బోలెడుంది

ఇంటెల్ 13, 14 జనరేషన్ ఐ7, ఐ9 అయితే కార్డుని వదిలేసి ప్రాసెసర్‌ని చూడండి. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల ఆ చిప్పులు క్రమంగా దెబ్బతింటున్నాయని తేలింది, ఇంటెల్ 2024లో మైక్రోకోడ్ (చిప్ లోపలి ప్రోగ్రాం) సవరణలు ఇచ్చి, ఆ బాక్స్ ప్రాసెసర్ల వారంటీని ఇంకో రెండేళ్ళు పెంచింది. ఆ సవరణలు బయోస్‌తోనే వస్తాయి, వెంటనే బయోస్ అప్‌డేట్ చేయండి. అయినా ఆ ఎర్రర్ పోకపోతే చిప్ అప్పటికే దెబ్బతిన్నట్టు, సవరణ దాన్ని బాగు చేయదు, వారంటీలో మార్పించుకోవాలి.

అందుకు బిల్లు కావాలి. జీఎస్టీ లేకుండా ఇస్తే తగ్గుతుంది అనే మాటకి, ట్రే ప్రాసెసర్ (డబ్బా లేకుండా విడిగా అమ్మేది) చవక అనే మాటకి పడిపోకండి. కంపెనీ ఇచ్చే మూడేళ్ళ వారంటీ బాక్స్ ప్రాసెసర్‌కి, ట్రేది అయితే మీరు అమ్మినవాళ్ళనే అడగాలి. బిల్లు మీద ప్రతి భాగం సీరియల్ నంబరు రాయించుకుని, షాపు గుమ్మం దిగకముందే డబ్బా మీద ఉన్నదానితో సరిచూసుకుని, రెండిటినీ ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.