షోల్డర్ సర్జన్ల నేషనల్ సొసైటీకి ప్రెసిడెంట్ అయితే ఎట్టా నడపాలి

మన వైపు నుంచి, అంటే నెల్లూరు, కావలి, ఒంగోలు, మార్కాపురం లాంటి ఊళ్ళల్లో ప్రాక్టీస్ చేసుకునే వాళ్ళల్లో ఎవరన్నా నేషనల్ షోల్డర్ సొసైటీకి, అంటే భుజం ఆపరేషన్లు చేసే డాక్టర్ల దేశస్థాయి సంఘానికి, ప్రెసిడెంటో సెక్రటరీయో అవబోతుంటే ఇది వాళ్ళ కోసం రాస్తున్నా. నేను నెల్లూరులో భుజాలు చూసే ఆర్థో డాక్టర్ని, సంఘాల కమిటీల్లో కూర్చుని పని చేసినవాణ్ణి, కాబట్టి ఏ పని ముందు చెయ్యాలి, ఏది తర్వాత చెయ్యాలి, ఎక్కడ గట్టిగా నిలబడాలి అనేది నాకు తెలిసినంతలో చెప్తా.

అన్నిటికన్నా ముందు చూసుకోవాల్సింది టైం. చాలా సొసైటీల్లో ఈ పదవి ఏడాదో రెండేళ్ళో ఉంటది, అందులో యాన్యువల్ కాన్ఫరెన్సే మొత్తం తినేస్తది, హాలు, హోటళ్ళు, ఫ్యాకల్టీ లిస్టు, స్టాళ్ళు, ఎవరికి ఏ సెషన్‌లో చైర్ ఇచ్చాం ఎవరికి ఇవ్వలేదు, ఇవన్నీ చూసుకునేలోపు చార్జ్ అప్పజెప్పే రోజు వచ్చేస్తది. అందుకని ప్రెసిడెంట్ ఎలెక్ట్‌గా, అంటే తర్వాతి ప్రెసిడెంట్‌గా ఎన్నికై ఉన్నప్పుడే, ఇంకా కుర్చీలో కూర్చోకముందే, ఈ టర్మ్‌లో ఫలానా పని చేసి తీరాలి అని ఒకటి ఎంచుకోండి, ఒక్కటే. దాన్ని మొదటి ఈసీ (ఎగ్జిక్యూటివ్ కమిటీ) మీటింగ్ అజెండాలో పెట్టించి, ఎంత ఖర్చు, ఎవరి బాధ్యత, ఎప్పటికి పూర్తి అనేది మినిట్స్‌లో రాయించండి. మినిట్స్‌లో లేని పనిని తర్వాత ఎవరూ పట్టించుకోరు.

నన్నడిగితే ఆ ఒక్క పని జిల్లాల్లో ఉండే క్యాజువాలిటీకి సంబంధించిందే అయి ఉండాలి. ఎందుకంటే మన దగ్గర సంక్రాంతికి ఊరూరా కబడ్డీ ఆడతారు, కుర్రాడికి జబ్బ జారిపోద్ది, కొంతమంది నేరుగా పుత్తూరు కట్టుకి కారెక్కుతారు, కొంతమంది దగ్గర్లో ఉన్న నర్సింగ్ హోంకి వస్తారు, అక్కడుండేది జనరల్ ఆర్థోనో, లేకపోతే ఎంబీబీఎస్ చేసిన డ్యూటీ డాక్టరో. సొసైటీలో మనం మాట్లాడుకునే పెద్ద పెద్ద టెక్నిక్‌లు ఆ డాక్టర్ దాకా పోవు, కానీ ఆ కుర్రాడి భుజం బాగుపడేదీ పాడయ్యేదీ మాత్రం ఆ మొదటి గంటల్లోనే.

ఇంకో కేసు చూడండి, మనకి బాగా దగ్గరిది. రొయ్యల గుంటల దగ్గర నీళ్ళల్లోకి గాలి కొట్టే ఏరియేటర్ మోటార్లకి తడి చేతులు పెట్టి కరెంటు షాక్ కొట్టించుకునే వాళ్ళు. షాక్‌కి గానీ ఫిట్స్‌కి గానీ భుజం ముందుకి కాకుండా వెనక్కి జారిపోయే అవకాశం ఉంటది, చేతిని లోపలికి తిప్పే కండరాలు బయటికి తిప్పేవాటికన్నా బలమైనవి కాబట్టి అన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటే భుజం కీలులో ఉండే బంతి వెనక్కి పోద్ది. ఎదురుగా తీసిన మామూలు ఎక్స్‌రేలో ఇది దాదాపు నార్మల్‌గానే కనపడుద్ది, కండరం పట్టిందిలే అని మాత్రలు రాసి పంపిస్తారు, నెలలు గడిచాక చెయ్యి బయటికి తిరగట్లేదని మళ్ళీ వస్తాడు, అప్పుడు షుగర్ కూడా ఉందంటే ఫ్రోజెన్ షోల్డర్ (షుగర్ వాళ్ళకి ఎక్కువగా వచ్చే, భుజం బిగుసుకుపోయే జబ్బు) అనుకుని ఫిజియోకి పంపే ప్రమాదం ఉంది, ఎందుకంటే ఫ్రోజెన్ షోల్డర్‌లో కూడా పోయేది ఆ బయటికి తిరగడమే. దీన్ని పట్టుకోవడానికి కావాల్సింది ఒక్క యాగ్జిలరీ వ్యూ, అంటే చంక వైపు నుంచి తీసే ఎక్స్‌రే. నొప్పితో చెయ్యి పక్కకి ఎత్తలేకపోతే స్లింగ్‌లోనే ఉంచి వెనక్కి వాలమని తీసే వెల్‌పో వ్యూ ఉంది. సొసైటీ పేరుతో ఒక పోస్టర్, ఏ రాష్ట్రానికి ఆ భాషలో, ఎక్స్‌రే టెక్నీషియన్‌కి అర్థమయ్యేట్టు బొమ్మతో, భుజం దెబ్బ అయితే రెండో వ్యూ లేకుండా పేషెంట్‌ని పంపొద్దు అని వేయించండి. ఆత్మకూరు, కనిగిరి, పొదిలి, ఉదయగిరి ఆస్పత్రుల గోడల మీద ఆ కాయితం కనపడాలి. ఒక కాన్ఫరెన్స్ డిన్నర్ ఖర్చులో ఇది అయిపోద్ది, మనసు పెడితే చాలు.

దీనికి జతగా జిల్లా మెడికల్ కాలేజీల్లో ఒక రోజు కోర్సులు పెట్టండి. నెల్లూరులో ఏసీఎస్ఆర్ ప్రభుత్వ కాలేజీ ఉంది, నారాయణ ఉంది, ఒంగోలులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, చెన్నై విజయవాడ మధ్య రైలు లైను మీదా ఎన్‌హెచ్ 16 మీదా ఉన్న ఊళ్ళు కాబట్టి ఫ్యాకల్టీ రాలేమనడానికి ఏం లేదు. ప్లాన్ చేసేటప్పుడు ఒక సంగతి మనసులో పెట్టుకోండి, అనాటమీ డిపార్ట్‌మెంట్‌లో మామూలుగా ఉండే ఫార్మలిన్ బాడీలు బిగుసుకుపోయి ఉంటాయి, వాటి మీద ఆర్థ్రోస్కోపీ (చిన్న రంధ్రంలోంచి కెమెరా పెట్టి చేసే కీహోల్ సర్జరీ) నేర్పడం కుదరదు, దానికి ఫ్రెష్ ఫ్రోజెన్, అంటే మందు పెట్టకుండా ఫ్రీజ్ చేసిన బాడీలు కావాలి, అది ఖరీదు వ్యవహారం, పెద్ద సెంటర్లకి వదిలెయ్యండి. ఫార్మలిన్ బాడీ మీద డెల్టోపెక్టోరల్ అప్రోచ్, అంటే భుజం ముందు వైపు నుంచి కోసి కీలు దాకా వెళ్ళే దారి, చక్కగా నేర్పొచ్చు, సెఫాలిక్ వెయిన్ ఎక్కడ, ఎక్రోమియన్ (భుజం పైన తగిలే ఎముక కొన) అంచు నుంచి సుమారు 5 నుంచి 7 సెంటీమీటర్ల కింద యాగ్జిలరీ నర్వ్ ఎట్టా పోతుందో వేలితో తడిమి చూపించొచ్చు. ప్లాస్టిక్ ఎముకల మీద ప్లేటింగ్ చేయించొచ్చు. జారిన భుజాన్ని నొప్పి లేకుండా కూర్చోబెట్టడం, కూర్చోబెట్టక ముందూ తర్వాతా నరం పని చేస్తుందో లేదో చూసి కేస్ షీట్‌లో రాయడం, ఈ రెండూ ప్రతి కోర్సులో ఉండాల్సిందే. స్టేట్ మెడికల్ కౌన్సిల్‌కి క్రెడిట్ అవర్స్ కోసం ముందే అప్లై చెయ్యండి, కోర్సు అయిపోయాక అడిగితే కష్టం. ఫీజు పీజీలు కట్టుకోగలిగినంతే పెట్టండి.

ఇంక అన్నిటికన్నా ధైర్యం కావాల్సిన పని ఒకటుంది. సర్జన్ల సంఘానికి లీడర్‌గా ఉండి, ఇక్కడ సర్జరీ అక్కర్లేదు అని చెప్పగలగాలి. భుజం ఎముక పైభాగం విరిగిన పెద్దవాళ్ళ మీద యూకేలో చేసిన ప్రోఫర్ ట్రయల్ 2015లో వచ్చింది, ఆపరేషన్ చేసిన వాళ్ళకీ స్లింగ్‌తో చూసిన వాళ్ళకీ రెండేళ్ళ తర్వాత చెప్పుకోదగ్గ తేడా లేదు. ఎముక గీకి జాగా చేసే సబ్ఎక్రోమియల్ డీకంప్రెషన్ మీద 2018లో లాన్సెట్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన స్టడీలో, ఉత్తగా స్కోప్ (కెమెరా) పెట్టి చూసి వచ్చేసిన వాళ్ళకన్నా పెద్ద లాభం కనపడలా. ఫ్రోజెన్ షోల్డర్ మీద 2020లో వచ్చిన యూకే ఫ్రాస్ట్‌లో 503 మందిని చూశారు, మత్తిచ్చి చెయ్యి తిప్పడం, కీహోల్ సర్జరీ, ఇంజెక్షన్‌తో కలిపిన పద్ధతిగల ఫిజియోథెరపీ, మూడిట్లో ఏదీ మిగతావాటిని స్పష్టంగా మించలేదు. ఇవి తెలిసిన విషయాలే, మీటింగుల్లో స్లైడ్ల మీద చూస్తూనే ఉంటాం, కానీ సొసైటీ పేరు మీద గైడ్‌లైన్‌గా రావాలంటే ఒకరు నిలబడాలి. గైడ్‌లైన్ కమిటీలో ఫిజియోథెరపిస్ట్‌ని, షుగర్ డాక్టర్‌ని, జిల్లాలో పని చేసే ఒక మామూలు ఆర్థోని కూర్చోబెట్టండి, డ్రాఫ్ట్‌ని మెంబర్లందరికీ పంపి రాతపూర్వకంగా అభిప్రాయాలు తీసుకోండి, ప్రతి అభ్యంతరానికి జవాబు రాయండి. సీనియర్లు కొందరికి కోపం వస్తది. రానివ్వండి, మర్యాదగా పేపర్లు ముందు పెట్టి మాట్లాడండి. ఏ కేసుకి సర్జరీ కచ్చితంగా కావాలో కూడా అంతే గట్టిగా రాయండి, కబడ్డీ ఆడే కుర్రాడికి మళ్ళీ మళ్ళీ జారుతుంటే, పడ్డ దెబ్బకి రొటేటర్ కఫ్ (భుజాన్ని తిప్పే కండరాల నరాలు కాదు, వాటి పట్టీలు) పెద్దగా చిరిగి చెయ్యి లేవకపోతే, ఆలస్యం చేస్తే నష్టం.

మన ఫలితాలు మనకి తెలియాలంటే రిజిస్ట్రీ, అంటే ప్రతి ఆపరేషన్ వివరం, దాని ఫలితం ఎక్కించే రికార్డు కావాలి. ఇది ఈనాటి ఆలోచన కాదు, బోస్టన్‌లో ఎర్నెస్ట్ కాడ్మన్ అనే సర్జన్ వందేళ్ళ కిందటే ప్రతి పేషెంట్ చివరికి ఏమయ్యాడో రాయాలని పట్టుబట్టి, తన ఆస్పత్రి ఫలితాలు తప్పులతో సహా అచ్చేసి బయటపెట్టాడు, ఆయనే 1934లో భుజం మీద పెద్ద పుస్తకం రాశాడు. ఇంగ్లండ్ జాయింట్ రిజిస్ట్రీలో 2012 నుంచి భుజాలు కూడా ఎక్కిస్తున్నారు. మనం మొదలుపెట్టేటప్పుడు చిన్నగా పెట్టుకోవాలి, వయసు, ఏ జబ్బు, ఏ ఆపరేషన్, ఏ ఇంప్లాంట్, ఇన్ఫెక్షన్ వచ్చిందా, మళ్ళీ ఆపరేషన్ చెయ్యాల్సి వచ్చిందా, ఇంతే. యాభై కాలమ్‌ల ఫారం పెడితే ఓటీ అయిపోయి అలిసిపోయిన డాక్టర్ ఎవరూ నింపరు. ఎథిక్స్ కమిటీ అనుమతి, పేషెంట్ సంతకం, 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం పాటించడం, పేర్లు కనపడకుండా దాచడం, ఇవి మొదటి రోజు నుంచే ఉండాలి. పేషెంట్‌ని ప్రశ్నలడిగి భుజం ఎట్టా ఉందో లెక్కగట్టే స్కోర్లు వాడేటప్పుడు మన పేషెంట్‌కి సరిపోతున్నాయో లేదో చూడండి, ఆక్స్‌ఫర్డ్ షోల్డర్ స్కోర్‌లో 12 ప్రశ్నలుంటాయి, అందులో కత్తీ ఫోర్కూ రెండూ ఒకేసారి వాడగలరా అని ఒక ప్రశ్న. చేత్తో అన్నం తినే మనిషికి ఆ ప్రశ్న ఎందుకు? మన వాళ్ళకి కష్టమయ్యేది జడ వేసుకోవడం, జాకెట్ హుక్ పెట్టుకోవడం, బిందె పైకి ఎత్తడం, దండెం మీద బట్టలు ఆరేయడం. హక్కులున్న వాళ్ళ అనుమతి తీసుకుని, మన భాషల్లో పద్ధతిగా టెస్ట్ చేసి తయారు చేయిస్తే సొసైటీ పేరు చాలాకాలం నిలబడుద్ది. మళ్ళీ పనిలోకి ఎప్పుడు వెళ్ళాడు అనే ప్రశ్న మాత్రం తప్పకుండా చేర్చండి, చీమకుర్తి క్వారీలో పని చేసేవాడికీ పొగాకు బ్యారెన్ దగ్గర కూలికి వెళ్ళేవాడికీ రెక్కాడితే గాని డొక్కాడదు, వాళ్ళు మనల్ని అడిగేది కూడా అదొక్కటే.

డబ్బు, కాయితాల పని విసుగ్గా ఉంటది గానీ వదలొద్దు. బైలాస్ మొత్తం ఒకసారి కూర్చుని చదవండి, కోరం (మీటింగ్ చెల్లాలంటే ఉండాల్సిన మెంబర్లు) ఎంత, ఓటు ఎవరికుంది, జీబీఎం (జనరల్ బాడీ మీటింగ్) నోటీసు ఎన్ని రోజుల ముందు ఇవ్వాలి. 1860 సొసైటీస్ రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైన సంఘమైతే యాన్యువల్ జనరల్ మీటింగ్ జరిగిన 14 రోజుల్లోపు కమిటీ లిస్టు రిజిస్ట్రార్‌కి ఇవ్వాలి, మన రాష్ట్రంలో రిజిస్టర్ చేసిందైతే 2001 చట్టం చూసుకోవాలి. ఇన్‌కం టాక్స్ మినహాయింపు రిజిస్ట్రేషన్ (పాత చట్టంలో 12ఎ) రెన్యువల్ తేదీ, ఆడిట్, రిటర్న్, డెలిగేట్ ఫీజు మీద జీఎస్టీ, ఇవన్నీ ట్రెజరర్ దగ్గర తేదీలతో ఒక షీట్ మీద ఉండాలి. విదేశాల నుంచి ఎవరన్నా విరాళం ఇస్తామంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ఒక్క రూపాయి ముట్టుకోవద్దు, ఆడిటర్‌ని అడక్కుండా సరే అనొద్దు.

స్పాన్సర్లతో ఇంకా జాగ్రత్త. చిరిగినదాన్ని ఎముకకి బిగించే యాంకర్లు, కీలు మార్చడానికి పెట్టే రివర్స్ షోల్డర్ ఇంప్లాంట్లు ఖరీదైనవి, కంపెనీలు మన చుట్టూ తిరగడం సహజం. 2024 మార్చిలో మందుల కంపెనీల మార్కెటింగ్ మీద వచ్చిన యూసీపీఎంపీ కోడ్ ప్రకారం డాక్టర్లకి గిఫ్టులు ఇవ్వకూడదు, స్పీకర్‌గా వచ్చినవాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి టికెట్లు, హోటళ్ళు పెట్టకూడదు, అదే ఏడాది మెడికల్ డివైసెస్ కంపెనీలకి కూడా విడిగా కోడ్ వచ్చింది. సొసైటీలో రూల్ ఇట్టా పెట్టండి, స్టాల్‌కి డబ్బు సొసైటీ అకౌంట్‌లోకే రావాలి, స్పీకర్ ఎవరు, టాపిక్ ఏంటి అనేది సైంటిఫిక్ కమిటీయే నిర్ణయించాలి, మాట్లాడే ప్రతి ఒక్కరూ మొదటి స్లైడ్‌లో ఏ కంపెనీతో సంబంధం ఉందో చెప్పాలి, ప్రెసిడెంట్‌తో సహా. కాన్ఫరెన్స్ లెక్కలు జీబీఎంలో స్క్రీన్ మీద వేసి చూపించండి.

మనుషుల సంగతి. ఫోన్ గ్రూపుల్లో నిర్ణయాలు తీసుకోవద్దు, గ్రూప్ సమాచారానికి, నిర్ణయం మీటింగ్‌లో. ఫెలోషిప్‌లకి ఎంపిక చేసేటప్పుడు పేరు, కాలేజీ దాచి మార్కులు వెయ్యండి, చిన్న ఊరి అబ్బాయికీ అమ్మాయికీ అప్పుడే న్యాయం జరుగుద్ది. ఆర్థోలో ఆడపిల్లలు తక్కువ, వాళ్ళని స్టేజీ మీద బొకే ఇవ్వడానికి కాకుండా ఫ్యాకల్టీగా పిలవండి. ఇండియన్ ఆర్థోపెడిక్ అసోసియేషన్ 1955 నుంచీ ఉన్న పెద్ద సంఘం, ఆర్థ్రోస్కోపీ వాళ్ళ సంఘం విడిగా ఉంది, మెంబర్లు చాలావరకు ఒకరే, కాబట్టి తేదీలు క్లాష్ కాకుండా ఏడాది ముందే ఆ సెక్రటరీలకి ఫోన్ చెయ్యండి. ఎన్టీఆర్ వైద్య సేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) ప్యాకేజీల గురించి రాష్ట్ర అధికారులతో మాట్లాడాల్సి వస్తే రిజిస్ట్రీ లెక్కలు పట్టుకుని వెళ్ళండి, అప్పుడు వింటారు.

చివరి మూడు నెలలు చార్జ్ అప్పజెప్పడానికే పెట్టుకోండి. బ్యాంక్ సంతకాలు మార్పించడం, మెంబర్ల లిస్టు, వెబ్‌సైట్ పాస్‌వర్డ్‌లు, సగంలో ఉన్న పనుల ఫైలు, ఏ పనికి తర్వాతి తేదీ ఎప్పుడు, అన్నీ రాసి ఇచ్చి సంతకం తీసుకోండి. కొత్త ప్రెసిడెంట్ పెట్టే ఈసీ మీటింగుల్లో అడిగితేనే మాట్లాడండి, పోస్టర్ ఏయే జిల్లాలకి ఇంకా పోలేదో ఆ లిస్టు మాత్రం అడక్కపోయినా ఇవ్వండి.