ఉచితంగా ఇచ్చే ముందు జీఎస్టీ లెక్క

పండగ అమ్మకాల కోసం ఉచితంగా ఏదైనా ఇవ్వాలనుకుంటున్న చిన్న వ్యాపారులు ఒక్క విషయం గమనించండి. ఏమీ కొనని వాళ్ల చేతిలో నమూనా ప్యాకెట్ పెట్టడం వేరు, ఒకటి కొంటే ఒకటి ఉచితమనడం వేరు. తీసుకునేవారికి రెండూ ఒకటే, జీఎస్టీకి మాత్రం కాదు.

నమూనాగా పంచిన సరుకు మీద మీరు కొన్నప్పుడు కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోవడానికి, అంటే అమ్మకాల మీద కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడానికి, వీల్లేదు. సీజీఎస్టీ (కేంద్ర జీఎస్టీ) చట్టం 17(5)(హెచ్) సెక్షన్ దాన్ని ఆపేస్తుంది. ముందే తీసుకుని ఉంటే వెనక్కి కట్టాలి. ఒకటి కొంటే ఒకటి పథకంలో ఆ బాధ లేదు. ఒకే ధరకు రెండు వస్తువులు అమ్మినట్టే లెక్క అని 2019 మార్చిలో వచ్చిన 92వ నంబరు సర్క్యులర్ స్పష్టంగా చెప్పింది. అందుకే బిల్లులో రెండో వస్తువును కూడా తప్పకుండా రాయండి. చాలా దుకాణాల్లో దాన్ని ఊరికే సంచిలో పడేస్తారు, తర్వాత స్టాకు లెక్క తేలదు.

జత కూడా చూసి కలపండి. వేర్వేరు పన్ను రేట్లున్న వస్తువులను ఒకే ధరకు కట్టగట్టి ఇస్తే మొత్తం మీద ఎక్కువ రేటే పడవచ్చు. సబ్బుకు సబ్బు, నూనెకు నూనె ఇవ్వడం మేలు.

పచ్చడి దుకాణంలో చెంచాడు రుచి చూపించడానికి ఇంత ఆలోచన అక్కర్లేదు. కాంపొజిషన్ పథకంలో (మొత్తం అమ్మకాల మీద చిన్న శాతం పన్ను కట్టే చిన్న వ్యాపారుల పథకం) ఉన్నవారికి అసలు క్రెడిట్టే రాదు కనుక నమూనాలు ధారాళంగా పంచుకోవచ్చు.