ప్రకృతి ఫోటోగ్రఫీ నేర్చుకుందాం – 7వ పాఠం: పత్రికకు మొదటిసారి పంపేటప్పుడు

ఒకే పక్షిని వదలకుండా గమనిస్తూ ఫోటోలు తీయడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఇప్పుడు మీ దగ్గర ఫోల్డర్ నిండా గిజిగాడి ఫోటోలు ఉన్నాయనుకుందాం. వాటిలోంచి అచ్చుకు పనికొచ్చేవి ఏరి, పత్రికకు పంపడం ఈ పాఠం.

వృత్తి ఫోటోగ్రాఫర్లకే పత్రికల్లో చోటు దొరుకుతుందనే భయం ఉంటే ముందు అది వదిలేయండి. నేషనల్ జియోగ్రాఫిక్ 1906 జులై సంచికలో ఒకే మనిషి తీసిన 74 వన్యప్రాణుల ఫోటోలు అచ్చయ్యాయి. ఆ మనిషి, జార్జ్ షిరాస్, ఒక లాయరు. అమెరికా కాంగ్రెస్ సభ్యుడిగా కూడా పనిచేశాడు. రాత్రిపూట పడవలో వెళ్లి ఫ్లాష్ వెలుగులో జింకల్ని ఫోటో తీయడం మీద ఆయన ఏళ్ల తరబడి పనిచేశాడు. ఎడిటర్‌కి కావలసింది అలాంటిదే. ఒక మంచి ఫోటో చాలామంది దగ్గర ఉంటుంది. పేజీలు నింపగలిగే కథ ఉన్నవాళ్లు తక్కువ.

కాబట్టి మొదటి పని వడపోత. ఎనిమిది ఫోటోల్లోనూ పక్షి కొమ్మ మీద పక్కకి తిరిగి కూర్చుని ఉంటే, ఎంత షార్ప్‌గా ఉన్నా అది ఒక ఫోటో కిందే లెక్క. ఒకటి ఉంచి మిగతావి పక్కన పెట్టండి. నీళ్ల మీదికి వాలిన చెట్టు, దాని నిండా వేలాడే గూళ్లు కనిపించే దూరపు ఫోటో ఒకటి కావాలి. ముక్కున పొడవాటి గడ్డిపోచతో ఎగిరొస్తున్న మగపక్షిది ఒకటి. ఆ పోచను అల్లికలోకి దూర్చి లాగుతున్న ముక్కు దగ్గరి నుంచి ఒకటి. ఆడపక్షి వచ్చి సగం గూటిని పరీక్షించడం దొరికిందా, కథ అక్కడే మలుపు తిరుగుతుంది. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దు, కాస్త గ్రెయిన్ (ఇసక చల్లినట్టు చుక్కలు) ఉన్నా సరే. ఎంత కష్టపడి తీశారన్నది పేజీలో కనిపించదు. కష్టపడ్డామనే మమకారంతో ఫోటో ఉంచుకోవద్దు.

నిలువు ఫోటోలు కనీసం రెండు మూడు ఉండాలి. పత్రిక పేజీ నిలువుగా ఉంటుంది మరి. పైభాగం ఖాళీగా ఉన్న నిలువు ఫోటో అయితే శీర్షిక పెట్టుకోవడానికి వీలవుతుంది. రెండు పేజీలకు పరిచే అడ్డం ఫోటోలో పక్షి సరిగ్గా మధ్యలో ఉండకూడదు, పేజీలు కలిసే మడతలో పడిపోతుంది.

ఇక క్యాప్షన్. కొత్తవాళ్లు దీన్ని చివరి నిమిషంలో రాసి పడేస్తారు. నా ఉద్దేశంలో సగం ఫలితం ఇక్కడే తేలుతుంది. ‘గూడు అల్లుతున్న గిజిగాడు’ అని రాస్తే ఫోటోలో కనిపిస్తున్నదే మళ్లీ చెప్పినట్టు. ఇలా రాసి చూడండి: ‘సగం అల్లిన గూటికి వేలాడుతూ రెక్కలు ఆడిస్తున్న మగ గిజిగాడు. ఆడపక్షికి గూడు నచ్చితేనే మిగతా సగం, కిందికి దిగే గొట్టంలాంటి దారి పూర్తి చేస్తుంది.’ చదివినవాళ్లు మళ్లీ ఫోటో వైపు చూస్తారు. ఆ మాటలతో పాటు పక్షి శాస్త్రీయ నామం (ప్లోసియస్ ఫిలిప్పినస్), తీసిన నెల, ప్రాంతం రాయండి. అరుదైన జీవి అయితే కచ్చితమైన చోటు చెప్పొద్దు. ఫైల్‌లో జీపీఎస్ వివరాలుంటే తీసేయండి.

సైజు సంగతి త్వరగా చెప్పేస్తాను. అచ్చుకి అంగుళానికి 300 పిక్సెల్స్ కావాలి. అంటే ఏ4 పేజీ నిండడానికి 2480 × 3508. 24 మెగాపిక్సెల్ కెమెరా 6000 × 4000 ఇస్తుంది కాబట్టి ఇబ్బంది లేదు. కానీ క్రాప్ చేసి 3000 × 2000కి తెచ్చారంటే 10 అంగుళాల వెడల్పు దగ్గరే ఆగిపోతుంది.

రా (RAW) ఫైల్, అంటే ఏ మార్పూ చేయకుండా కెమెరా ఇచ్చిన అసలు ఫైల్, తప్పకుండా దాచుకోండి. ఫోటో నిజమైనదేనా అని ఎడిటర్ అడిగితే చూపించాల్సింది అదే. 2018లో ‘వైల్డ్‌లైఫ్ ఫోటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్’ అనే ఫోటో పోటీ నిర్వాహకులు ముందు ఏడాది బహుమతి పొందిన ఒక ఫోటోను అనర్హంగా ప్రకటించారు. అందులోని చీమలు తినే జంతువు బతికున్నది కాదు, గడ్డి కూరిన బొమ్మ అని నిపుణులు తేల్చారు. జంతువు బోనులోదైతే, లేదా ఎర వేసి రప్పించి ఉంటే అడగకముందే చెప్పండి. గూటి ఫోటోలను కొన్ని పత్రికలు అసలు తీసుకోవు, పక్షులకు ఇబ్బంది కలుగుతుందని. ఎంత దూరం నుంచి, ఏ లెన్స్‌తో తీశారో ఒక వాక్యంలో రాస్తే ఆ అనుమానం తీరుతుంది.

ఉత్తరం నాలుగైదు వాక్యాలు దాటొద్దు. కథ ఏమిటి, ఎన్ని ఫోటోలున్నాయి, ఇంతకుముందు ఎక్కడైనా వచ్చాయా, అంతే. పొడవు వైపు 1600 పిక్సెల్స్ ఉండేలా చిన్న కాపీలు పది పంపండి, పెద్దవి అడిగితే ఇవ్వచ్చు. పత్రికలు సంచికల్ని నెలల ముందే ప్లాన్ చేసుకుంటాయి. వానాకాలం ఫోటోలు వానలు పడుతుండగా పంపితే ఆ ఏడాదికి ఆలస్యమైనట్టే. జవాబు రాకపోతే కొన్ని వారాలు ఆగి ఒకసారి గుర్తుచేయండి. ఒకే సెట్‌ను ఒకేసారి రెండు పత్రికలకు పంపొద్దు.

ఈ పాఠానికి అభ్యాసం: పది ఫోటోలు ఎంచి క్యాప్షన్లు రాయండి. ఫోటోలు చూపించకుండా ఆ క్యాప్షన్లను వరసగా ఎవరికైనా చదివి వినిపించండి. కథ ఎక్కడ తెగిపోయిందో వాళ్లే అడుగుతారు. అక్కడ పెట్టాల్సిన ఫోటో మీ ఫోల్డర్‌లో లేకపోతే, వచ్చే సీజన్‌లో ముందు తీయాల్సింది అదే.

పత్రిక సరే అంటే ఏ హక్కులు ఇవ్వాలి, ఒక్కసారి వాడుకోవడానికా, శాశ్వతంగానా అన్నది 8వ పాఠంలో చూద్దాం. ఈలోగా ‘అన్ని హక్కులూ’ అని రాసున్న కాగితం మీద సంతకం పెట్టకండి.