డీజిల్ ఫోక్స్‌వ్యాగన్, స్కోడాలకు రీకాల్ అప్‌డేట్: పికప్, మైలేజీ తగ్గాయో లేదో మీరే తేల్చుకోవడం ఎలా

సెకండ్ హ్యాండ్‌లో డీజిల్ పోలో, వెంటో, రాపిడ్, లారా కొనేవాళ్లందరిదీ ఒకటే టెన్షన్: "రీకాల్ అప్‌డేట్ చేయిస్తే బండి డల్ అయిపోతుందా?" అంత ఘోరమేమీ జరగదు, అలాగని అసలేమీ మారదన్న మాటనూ పూర్తిగా నమ్మక్కర్లేదు.

ఈ కార్లలో ఉండే ఈఏ189 రకం డీజిల్ ఇంజిన్ల సాఫ్ట్‌వేర్, ల్యాబులో టెస్టు జరుగుతోందని పసిగట్టి అప్పుడు మాత్రమే పొగలోని హానికర వాయువులైన నైట్రోజన్ ఆక్సైడ్లను అదుపులో పెడుతోందని 2015 సెప్టెంబర్‌లో అమెరికాలో బయటపడింది. అదే ఏడాది డిసెంబర్‌లో మన దేశంలోనూ 3,23,700 కార్లకు రీకాల్ ప్రకటించారు, వాటిలో ఆడి కార్లూ ఉన్నాయి. ఆ రీకాల్‌లో ముఖ్యంగా చేసేది ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించడం.

దాంతో ఇంజిన్‌లో మారేదేంటంటే, ఈజీఆర్ వాల్వ్ మామూలు డ్రైవింగ్‌లో కూడా ఎక్కువ పని చేస్తుంది. కాలిన పొగలో కొంత తిరిగి సిలిండర్లోకి వెళ్తుంది, ఆక్సిజన్ తగ్గి మంట వేడి తగ్గుతుంది, నైట్రోజన్ ఆక్సైడ్లు తగ్గుతాయి, బదులుగా మసి పెరుగుతుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఈజీఆర్ దాదాపు మూసుకుంటుంది కాబట్టి బ్రోచర్‌లో రాసిన పవర్, టార్క్ అలాగే ఉంటాయి. తేడా తెలిసేది సిటీలో, 1,200 నుంచి 1,800 ఆర్‌పీఎం మధ్య సగం యాక్సిలరేటర్‌తో నడిపేటప్పుడు. ఏమీ మారదని కంపెనీ చెప్పేదీ, పికప్ తగ్గిందన్న ఓనర్ల గోలా రెండూ నిజమే, కాకపోతే ఇద్దరూ మాట్లాడేది వేరే వేరే ఆర్‌పీఎంల గురించి.

అందుకే అప్‌డేట్‌కి ముందే కొలవండి. ఒకే బంకులో, నాజిల్ మొదటిసారి ఆటో కట్ అయ్యేదాకా ట్యాంక్ నింపి, వరసగా మూడు నాలుగు ట్యాంకుల లెక్క రాసుకోండి, డ్యాష్‌బోర్డు చూపించే మైలేజీ మీద ఆధారపడొద్దు. పికప్ కోసం ఖాళీ రోడ్డు మీద మూడో గేరులో 40 నుంచి 80 వరకు ఎంతసేపు పడుతుందో, ఏసీ ఆపి, పక్క సీట్లో కూర్చున్నవాళ్ల చేత ఫోన్‌లో తీయించండి. ఈసీయూని చదివే ఓబీడీ స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గర ఈసీయూ సాఫ్ట్‌వేర్ వెర్షన్ ఫొటో తీసుకోండి, పాత ఎర్రర్ కోడ్‌లు ఉంటే ముందే సరిచేయించండి. ఇది చాలామంది వదిలేస్తారు, తర్వాత లక్ష కిలోమీటర్లు తిరిగిన బండిలో మసి పట్టిన ఈజీఆర్‌దో, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్‌దో తప్పయితే దాన్ని కూడా అప్‌డేట్ ఖాతాలో వేసేస్తారు.

బండికి రీమ్యాప్ (పవర్ పెంచడానికి బయట ఈసీయూ సాఫ్ట్‌వేర్ మార్పించడం) చేయించి ఉంటే సర్వీస్ సెంటర్‌లో ముందే చెప్పండి, కొత్త సాఫ్ట్‌వేర్ దాన్ని చెరిపేస్తుంది. సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నంతసేపూ బ్యాటరీకి చార్జర్ తగిలించి ఉంచమనండి, మధ్యలో వోల్టేజీ పడిపోతే ఈసీయూ పాడవచ్చు.

తర్వాత అదే రోడ్డు, అదే బంకు, అదే లెక్క. లీటరుకు కిలోమీటరు లోపు తేడా వస్తే ట్రాఫిక్ వల్ల కూడా కావచ్చు, వదిలేయండి. తక్కువ ఆర్‌పీఎంలో కొంచెం తడబాటు ఉంటే గేరు కాస్త ఆలస్యంగా మారిస్తే సరిపోతుంది. కానీ ఇంజిన్ లైట్ వెలిగినా, బండి లింప్ మోడ్‌లోకి (పవర్ తగ్గించుకుని మెల్లగా నడిచే స్థితి) వెళ్లినా, డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న కారులో ఆ మసిని కాల్చేసే రీజనరేషన్ మాటిమాటికీ అవుతున్నా ఊరుకోకుండా మీ లెక్కలన్నీ పట్టుకుని సర్వీస్ సెంటర్‌కి వెళ్లండి. "పికప్ తగ్గింది సార్" అని నోటిమాటగా చెబితే "అన్నీ ఇంతేనండి" అని పంపించేస్తారు.

ఈజీఆర్ మూసేయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. మన పొల్యూషన్ చెక్‌లో డీజిల్ బండికి పొగ సాంద్రతే చూస్తారు, నైట్రోజన్ ఆక్సైడ్లను కొలవరు, కాబట్టి సర్టిఫికెట్ వచ్చేస్తుంది, కానీ ఆ పని చట్టవిరుద్ధం. కొనబోయే బండికి అప్‌డేట్ అయిందో లేదో తెలియాలంటే ఛాసిస్ నంబర్ పట్టుకుని సర్వీస్ సెంటర్‌లోనే అడగండి, అమ్మేవాడి మాట మీద కాదు.